ప్రాకారము లోపల పుట్టిన మొఱ

మూలవాక్యము: నెహెమ్యా 5:1–19

యెరూషలేము ప్రాకారము సగము ఎత్తు లేచియుండెను. పనివారు ఒక చేత పని చేయుచు, ఒక చేత ఆయుధము పట్టుకొనియుండిరి. వెలుపల సన్బల్లటును టోబీయాయును వారిని ఎగతాళి చేయుచు, మీద పడుటకు సమయము కనిపెట్టుచుండిరి. పగలు రాళ్లమోత, రాత్రి కావలి. ఇట్టి సమయమున పట్టణములో ఒక గొప్ప మొఱ పుట్టెను. ఆ మొఱ వెలుపలి శత్రువునుగూర్చినది కాదు. అదే ప్రాకారము లోపల, ప్రక్కప్రక్కనే నివసించుచున్న స్వజనులనుగూర్చినది.

నెహెమ్యా గ్రంథము తెలుగు సంఘములకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది. క్రొత్త మందిరమునకు పునాది వేయునప్పుడును, ప్రహరీగోడకు చందా ఎత్తునప్పుడును బోధకులు ఈ గ్రంథమునే తెరచుదురు. షూషను కోటలో రాజునకు గిన్నె అందించువాని కన్నీరు, అతని ఉపవాసము, రాజు దయ, రాత్రివేళ గోడలను పరీక్షించుట మొదలైన సంగతులు విపులముగా చెప్పబడును. పిమ్మట 52 దినములలో పని ముగిసిన ఆరవ అధ్యాయమునకు ప్రసంగము చేరును. నడుమనున్న అయిదవ అధ్యాయము తరచుగా దాటిపోబడును. ఏలయనగా అందులో రాళ్లను గూర్చిన మాట లేదు. అప్పు, వడ్డీ, తాకట్టుపడిన పొలములు, దాస్యమునకు పోయిన బిడ్డలు ఉన్నారు. అయినను పరిశుద్ధాత్మ ఆ అధ్యాయమును గోడ కథకు నట్టనడుమ నిలిపెను. ఆ మొఱ వినబడకముందు గోడ ముగిసినట్లు గ్రంథము చెప్పదు.

1. మూడు గుంపులు, ఒక్క మొఱ

అది అర్తహషస్త రాజు ఏలుబడిలో ఇరువదియవ సంవత్సరము, అనగా క్రీ.పూ. 445. మొఱపెట్టినవారు మూడు గుంపులుగా కనబడుచున్నారు. మొదటి గుంపువారు, కుమారులు కుమార్తెలు అనేకులై, తిని బ్రదుకుటకు ధాన్యము లేనివారు. పొలమునుగూర్చి వారు ఒక్కమాటయు చెప్పలేదు. బహుశః వారికి పొలమే లేదు. రెండవ గుంపువారికి పొలములు, ద్రాక్షతోటలు, ఇండ్లు ఉండెను. క్షామమందు ధాన్యముకొరకు వాటిని కుదువపెట్టిరి. మూడవ గుంపువారు రాజునకు చెల్లింపవలసిన పన్నుకొరకు తమ భూములమీద అప్పు తెచ్చుకొన్నవారు. పారసీక సామ్రాజ్యమునకు కప్పము ముఖ్యముగా వెండి రూపమున చేరవలసియుండెను. పొలము పండించునది ధాన్యము, రాజు కోరునది వెండి. ఈ రెంటి నడుమ నిలిచినవాడు షావుకారు.

ఈ మూడు గుంపులు దరిద్రతయొక్క మూడు మెట్లు. పన్ను కట్టుటకు అప్పు చేసినవాడు, మరుసటి యేట వాన తప్పినయెడల తిండికై పొలము తాకట్టు పెట్టును. తాకట్టు పెట్టిన పొలము చేయి జారిన తరువాత అతనికి బిడ్డలు తప్ప వేరు ఆస్తి మిగులదు. అందుచేత అయిదవ వచనమున ఆ మొఱ అతి దుఃఖకరమగుచున్నది. తమ దేహమును తమ సహోదరుల దేహమును ఒక్కటే, తమ పిల్లలును వారి పిల్లలును ఒక్కటే అని చెప్పుకొని, అయినను తమ కుమారులను కుమార్తెలను దాస్యమునకు అప్పగింపవలసివచ్చెననియు, కుమార్తెలలో కొందరు ఇదివరకే దాసురాండ్రయి పోయిరనియు, పొలములు అన్యుల వశమందున్నందున విడిపించుకొను శక్తి తమకు లేదనియు వారు విలపించిరి. ఈ మొఱ పెట్టినవారిలో భార్యలును ఉండిరని మొదటి వచనము ప్రత్యేకముగా చెప్పుచున్నది. ఇంటిలో గింజలు ఎన్నాళ్లకు వచ్చునో లెక్క తెలిసినది తల్లికే. బిడ్డ ఇల్లు విడిచి పోవునప్పుడు గుమ్మమువద్ద నిలిచినదియు ఆమెయే.

ఈ దృశ్యము తెలుగుదేశమునకు పరాయిది కాదు. తండ్రి తెచ్చిన కొద్దిపాటి అప్పునకు కుమారుడు కామందు ఇంట పశువుల కాపరిగా కుదురుట, పెద్దవాడై పాలేరగుట, అతని బిడ్డ మరల అదే కొట్టమునకు పోవుట తరతరములు జరిగినది. నైజాము ఏలుబడిలోని తెలంగాణములో వెట్టి అనియు బాగేలా అనియు పిలువబడిన పద్ధతులు మనుష్యుని శ్రమను ఋణమునకును భయమునకును కట్టివేసినవి. ఈనాడు తెలుగు క్రైస్తవ మందిరములలో శుభ్రవస్త్రములు ధరించి కూర్చుండు అనేకుల తాతముత్తాతలు ఆ కొట్టములనుండి బయలుదేరి సువార్త విన్నవారే. వారి మనుమలలో ఒకడు బ్యాంకులో కొలువు చేయుచుండవచ్చును. ఒకతె దూరదేశమున నర్సుగా ఉండవచ్చును. కావున ఈ అధ్యాయమును చదువునప్పుడు తెలుగు విశ్వాసి ఏ వరుసలో నిలుచుండునో ఎరిగియుండవలెను. మొఱపెట్టినవారి సంతానమై పుట్టి, అప్పిచ్చువారి వరుసలోనికి నడచిపోవుట సాధ్యమే.

2. నూటికి ఒక్కటి

నెహెమ్యా ప్రధానులమీద మోపిన నేరమేమి? వారు దొంగిలింపలేదు, దొంగపత్రములు వ్రాయలేదు. అడిగినవానికి అప్పిచ్చిరి, ఒప్పుకొన్న వడ్డీ తీసికొనిరి, చెల్లనప్పుడు కుదువపెట్టిన పొలమును స్వాధీనపరచుకొనిరి. ఏ న్యాయస్థానమందైనను వారి పత్రములు నిలుచునట్టివే. అయినను దేవుని సన్నిధిని అవి నిలువలేదు.

పదునొకండవ వచనములో వారు తీసికొనిన వడ్డీ నూరవభాగమని చెప్పబడినది. అనేక వ్యాఖ్యాతలు దీనిని నెలకు నూటికి ఒకటి అని గ్రహించిరి. తెలుగు పల్లెలో దానికి పేరు రూపాయి వడ్డీ. నూటికి నెలకు ఒక్క రూపాయి, సంవత్సరమునకు పండ్రెండు. నేడు ఎవడైనను ఆ వడ్డీకి అప్పిచ్చినయెడల అది ధర్మవడ్డీ అని ఊరివారు అతనిని మెచ్చుకొందురు. రెండు రూపాయల వడ్డీ సామాన్యము. మూడు రూపాయలదియు అరుదు కాదు. ఆపదలో నున్నవానివద్ద అయిదు రూపాయలు తీసికొనువారును కలరు. మూడు రూపాయల వడ్డీ సంవత్సరమునకు నూటికి ముప్పదియారు. మూడేండ్లు తిరుగకమునుపే వడ్డీ అసలును మించిపోవును. అయిదు రూపాయల వడ్డీ నూటికి అరువది. ఏ వడ్డీని లోకము ధర్మమని పిలుచుచున్నదో, ఆ వడ్డీ విషయమై నెహెమ్యా మహాకోపము తెచ్చుకొని మహాసభ సమకూర్చెను. ఈ ఒక్క సంగతి విశ్వాసి నెమ్మదిగా కూర్చుండి లెక్క కట్టుకొనదగినది.

నెహెమ్యా క్రొత్త కట్టడ ఏదియు విధింపలేదు. ధర్మశాస్త్రమందు ఇది ముందే వ్రాయబడియుండెను. బీదవానికి అప్పిచ్చినప్పుడు వడ్డీ కట్టకూడదు (నిర్గమ 22:25). కుదువగా తీసికొన్న పైవస్త్రమును సూర్యుడు అస్తమించకమునుపే తిరిగి ఇయ్యవలెను. అది వాని రాత్రి దుప్పటి (22:26, 27). తిరుగటిని గాని, తిరుగటి పైరాతిని గాని తాకట్టు పట్టరాదు. అది ఇంటివారి ప్రాణాధారము (ద్వితీ 24:6). అప్పిచ్చినవాడు కుదువ తీసికొనుటకు ఋణస్థుని ఇంటిలోనికి చొరబడక వెలుపల నిలువవలెను. ఋణస్థుడే దానిని బయటికి తెచ్చును (24:10, 11). ఏడవ సంవత్సరమున విడుదల. ఏబదియవ సంవత్సరమున సునాదము. భూమి యెహోవాది గనుక దానిని శాశ్వతముగా అమ్మరాదు (లేవీ 25:23). ఈ ఆజ్ఞలలో ఎంత మృదువైన కనికరమున్నదో చూడదగును. బీదవాని ఇంటి గుమ్మము దేవునికి గౌరవస్థానము. అతని గిన్నెలు, అతని దుప్పటి, ఆ గడపలోపలి అతని మర్యాద, ఇవన్నియు పరలోకపు కాపుదలలో ఉన్నవి.

2010లో ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణముల వసూలు విషయమై పుట్టిన సంక్షోభమును తెలుగువారు మరచియుండరు. వారము వారము చెల్లింపవలసిన వాయిదాలు, ఒకరికొకరు హామీయైన స్త్రీల గుంపులు, వాయిదా తప్పినయింటి వాకిట వసూలుదారుల కేకలు, ఆ ఒత్తిడిలో ప్రాణములు తీసికొన్నవారి వార్తలు ఆ దినములలో వెలువడినవి. ఆ యేడు అక్టోబరులో రాష్ట్రప్రభుత్వము ఆ వసూళ్లను అదుపుచేయుటకు అత్యవసరశాసనము చేసెను. చిన్న అప్పు బీదవానికి మేలు చేయగలదన్నది నిజమే. కాని గడపను దాటి లోపలికి వచ్చిన అప్పు మేలును మ్రింగివేయును. మోషే వ్రాసిన ఆ ఒక్క ఆజ్ఞ, అప్పిచ్చినవాడు వెలుపల నిలువవలెనన్నది, ఎన్ని ఇండ్లను కాపాడియుండును!

3. తన యింటినుండి మొదలుపెట్టిన గద్దింపు

మొఱ విన్న నెహెమ్యా మిగుల కోపపడెను. అయినను వెంటనే నోరు తెరువలేదు. తనలో తాను ఆలోచించుకొనెను. ఆ ఆలోచనలో ఏమి కనబడెనో పదియవ వచనము తెలుపుచున్నది. తానును, తన బంధువులును, తన దాసులును ఆ జనులకు సొమ్మును ధాన్యమును అప్పిచ్చినవారిలో ఉన్నట్లు అతడు బహిరంగముగా ఒప్పుకొనెను. తాను వడ్డీ తీసికొన్నట్లు గ్రంథము స్పష్టముగా చెప్పదు. అయినను తన్ను వేరుగా నిలుపుకొనక, ఈ వడ్డీ విడిచిపెట్టుదమని తనతో కలుపుకొని మాటలాడెను. బీదలపక్షమున మాటలాడువాడు మొదట తన యింటి పెట్టె తెరచి అందలి పత్రములు చూచుకొనవలెను. ఆ పని చేయని గద్దింపునకు బలము లేదు.

తరువాత అతడు ప్రధానులను అధికారులను గద్దించి, మహాసభ కూర్చెను. అన్యజనులకు అమ్ముడుపోయిన యూదులను శక్తికొలది విడిపించిన సంగతి వారికి జ్ఞాపకము చేసి, విడిపింపబడినవారినే స్వజనులు మరల అమ్మజూచుట ఏమని అడిగెను. ప్రధానులు ఏమియు చెప్పలేక మౌనముగానుండిరి. ఒక చేతితో విమోచన ధనము చెల్లించుచు, ఇంకొక చేతితో బంధకము బిగించుచుండిరి. ఈ రెండు చేతులును ఒకే మనుష్యునివి. సంఘమునకు ధారాళముగా కానుక వేయు చేతియే సహవిశ్వాసివద్ద ప్రోనోటు వ్రాయించుకొన్నయెడల, ఆ కానుకయొక్క సువాసన ఎక్కడికి చేరును?

ఇట్టి దృశ్యము ఒకటి ఊహింపవచ్చును. పల్లెలోని చిన్న మందిరము. ప్రభురాత్రి భోజనపు ఆదివారము. రొట్టెపళ్లెము పట్టుకొని నిలుచున్నవాడు సంఘపెద్ద. ప్రార్థనాపరుడు, ప్రతి పండుగకును ముందు నిలుచువాడు. వెనుక వరుసలో ఒక కూలివాడు కూర్చుండియున్నాడు. రెండేండ్ల క్రిందట కుమార్తె వైద్యమునకు ఆ పెద్దవద్దనే మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చెను. ఆరు నెలలుగా వడ్డీ చెల్లలేదు. అందరును బల్లయొద్దకు లేచి వెళ్లుచుండగా అతడు తల వంచుకొని మెల్లగా బయటికి పోవును. అతడు వెనుదిరిగెనని, విశ్వాసమున చల్లారెనని సంఘములో చెప్పుకొందురు. అతడు క్రీస్తునుండి వెనుదిరుగలేదు. ఋణదాత చేతినుండి రొట్టె తీసికొనుటకు సిగ్గుపడెను. వారిద్దరి పేర్లును సంఘపు పుస్తకములో ఒకే పుటలో ఉన్నవి. ఒకని పేరు మరియొకని పెట్టెలోని కాగితముమీదను ఉన్నది. ఆ కాగితము ఆ బల్లను రెండుగా చీల్చినది. కొరింథు సంఘములో ఒకడు ఆకలిగొని, మరియొకడు తృప్తిగా తిని త్రాగినప్పుడు, వారు కూడి తినునది ప్రభువు రాత్రిభోజనము కాదని అపొస్తలుడు తీర్పు చెప్పెను (1 కొరింథీ 11:20, 21). ఈ సంఘమునుగూర్చి ఏమి చెప్పును?

నెహెమ్యా చెప్పిన మరియొక కారణము గమనింపదగినది. అన్యుల నిందకు తావియ్యకుండునట్లు దేవునికి భయపడి నడుచుకొనవలెనని అతడు చెప్పెను. ప్రాకారము వెలుపల సన్బల్లటు వేయి అపవాదులు కల్పించినను అంత హాని కలుగదు. లోపలివారి వడ్డీయే అతని చేతికి ఆయుధము. బీదవాడైన సహోదరుని సంఘము ఎట్లు చూచుచున్నదో ఊరివారు ఏ ప్రసంగముకంటెను శ్రద్ధగా చూచుచున్నారు.

4. సంఘము ఈ మొఱను విన్న దినములు

సంఘచరిత్రలో ఈ మొఱ అప్పుడప్పుడు వినబడినది. నాలుగవ శతాబ్దమున కైసరయ పట్టణములో కరువు కలిగినప్పుడు బాసిలు అను దైవజనుడు ధనికుల ధాన్యపుకొట్లు తెరపించుటకు ప్రసంగించెను. అప్పిచ్చి బీదలను పీడించువారికి విరోధముగాను బోధించెను. సంస్కరణకాలమున లూథరు అధికవడ్డీకి విరోధముగా పలుమారు వ్రాసి, 1540లో బోధకులు దీనిని ప్రసంగపీఠమునుండి ఖండింపవలెనని హెచ్చరించెను. కాల్విను వ్యాపారమునకు ఉపయోగపడు ధనమునకు మితమైన వడ్డీ తీసికొనుట పాపము కాదని ఒప్పుకొనెను. కాని అక్కరలోనున్న బీదవానివద్ద వడ్డీ తీసికొనరాదని గట్టిగా నిలిచెను. నేటి విశ్వాసి అడుగు ప్రశ్నకు ఇందులో జవాబు కలదు. బ్యాంకులో దాచిన సొమ్మునకు వచ్చు వడ్డీని, యంత్రము కొనుటకు వర్తకుడు తెచ్చిన అప్పును ఈ అధ్యాయము లక్ష్యముగా పెట్టుకొనలేదు. ఆకలికి, రోగమునకు, పన్నునకు, చావునకు అప్పు చేసినవాని కన్నీటినుండి లాభము తీయుటను ఇది ఖండించుచున్నది.

పందొమ్మిదవ శతాబ్దములో జర్మనీ దేశమున ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ రైఫైజెన్ అను గ్రామాధికారి ఉండెను. ప్రొటెస్టెంటు విశ్వాసి, కంటిచూపు క్రమముగా క్షీణించినవాడు. 1846–47 చలికాలపు కరువులో అతడు తన ఊరిలోని కలిగినవారిని కూర్చి బీదలకు రొట్టె దొరకు ఏర్పాటు చేసెను. పిమ్మట, బీదరైతు షావుకారు చేతిలో పడకుండ, ఊరివారందరు ఒకరికొకరు బాధ్యులై తమలో తాము అప్పిచ్చుకొను పరపతి సంఘములను స్థాపించెను. పొరుగువానిని ప్రేమింపవలెనన్న ప్రభువు ఆజ్ఞయే వాటికి పునాది అని అతడు నమ్మెను. ఆ శతాబ్దాంతమున మద్రాసు ప్రభుత్వము రైతుల ఋణభారమును పరిశీలించుటకు ఫ్రెడరిక్ నికల్సన్ అను అధికారిని నియమించెను. అతడు దీర్ఘమైన నివేదిక వ్రాసి, ఈ దేశమునకును రైఫైజెన్ వంటివారు కావలెనని సూచించెను. 1904లో సహకార పరపతి సంఘముల శాసనము వచ్చెను. తెలుగు పల్లెలో సహకార సంఘపు చిన్న కార్యాలయమును చూచువాడు, దాని వేళ్లు ఎక్కడో ఒక కరువునాటి క్రైస్తవుని మనస్సాక్షిలో ఉన్నవని తెలిసికొనుట మంచిది.

తెలుగు సంఘమునకు తన సొంత జ్ఞాపకమొకటి కలదు. 1876–78 మహాక్షామములో ఒంగోలునందు బాప్తిస్టు మిషనరీయైన జాన్ ఎవరెట్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల పని తానే గుత్తకు తీసికొని, ఆకలితో చచ్చుచున్నవారికి కూలి దొరకునట్లు చేసెను. వారికి అప్పు ఇయ్యలేదు. పనియు, పనికి తగిన కూలియు ఇచ్చెను. అంతకంటె గొప్ప సంగతి, ఆ సహాయము సాగుచున్న కాలమున అతడు ఎవరికిని బాప్తిస్మమియ్యక ఆపియుంచెను. గింజకొరకు ఎవరును విశ్వాసము ఒప్పుకొనరాదని అతని తలంపు. సహాయము ముగిసిన తరువాత జనులు తామే వచ్చిరి. 1878 జూలై 3న ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. బీదవానికి మేలు చేసి, ఆ మేలునకు అతని ఆత్మను కుదువ అడుగకుండుట ఎట్లో ఆ కాలువగట్టు నేర్పుచున్నది.

దేశశాసనమును ఈ మొఱను వినకపోలేదు. రాజ్యాంగపు 23వ అధికరణము వెట్టిని నిషేధించినది. 1975 అక్టోబరులో అత్యవసరశాసనముగా వచ్చి, 1976లో చట్టమైన కట్టుబానిసత్వ నిర్మూలన శాసనము, అట్టి కట్టునకు మూలమైన ఋణమును చెల్లవలసిన పనిలేకుండ కొట్టివేసి, దానికై తాకట్టుపడిన ఆస్తిని విడిపించినది. నెహెమ్యా సభలో పలుకబడిన మాట ఒక జనస్వామ్యపు శాసనములో ప్రతిధ్వనించినట్లున్నది. శాసనమే ఇంతదూరము వచ్చినప్పుడు, సిలువక్రింద నిలిచిన సంఘము దానికి వెనుక నడచుట తగునా?

5. బీదవాని తప్పును లెక్కింపవలదా?

కొందరు ఇట్లనవచ్చును: అప్పు చేసినవాడు త్రాగి చెడిపోయెను, పెండ్లికి పందిళ్లు వేసి తాహతు మించి ఖర్చుచేసెను, తీసికొన్న సొమ్ము ఇయ్యకుండుటయే అతని ఆలోచన. ఇది కొన్నిచోట్ల నిజమే. అప్పు తీసికొని తీర్చకపోవుట భక్తిహీనుల లక్షణమని కీర్తనకారుడును చెప్పెను (కీర్తన 37:21). పరిశుద్ధ గ్రంథము సోమరితనమును దాచిపెట్టదు. విశ్వాసి శక్తియున్నంతవరకు తన మాట నిలువబెట్టుకొనవలెను.

అయినను రెండు సంగతులు ఆలోచింపదగినవి. మొదటిది: యెరూషలేములో మొఱపెట్టినవారి అప్పునకు కారణములు మూడే, పిల్లల ఆకలి, క్షామము, పన్ను. వారు ఆ దినమున గోడ పనిలోనున్న జనులు. వారి దరిద్రత వారి అవిశ్వాసమునకు గురుతని నెహెమ్యా చెప్పలేదు. బీదతనము విశ్వాసలోపమనియు, ధనము దేవుని మెప్పుకు ముద్ర అనియు బోధించువారు ఈ అధ్యాయమును మరల చదువవలెను. రెండవది: బీదవాని అప్పులలో కొన్నిటిని సంఘమే వ్రాయించుచున్నది. కట్నము అడుగు క్రైస్తవ కుటుంబము, ఆ కట్నమును చూచియు చూడనట్లు వివాహము జరిపించు సంఘము, విందు తక్కువైనదని గొణుగు బంధువులు, వీరందరును ఆ ప్రోనోటుమీద కనబడని సాక్షులు. తండ్రి సంతకము ఒక్కటే కనబడును. దేవుడు మిగిలిన సంతకములను కూడ చదువుచున్నాడు.

6. అధికారి బల్ల

ఈ అధ్యాయము సభతో ముగియలేదు. నెహెమ్యా తన బల్లనుగూర్చి వ్రాసెను. పండ్రెండు సంవత్సరములు అధిపతిగా ఉండియు, తనకు రావలసిన భత్యమును అతడు తీసికొనలేదు. అంతకు ముందరి అధికారులు ఆహారమును ద్రాక్షారసమును గాక నలువది తులముల వెండిని జనులవద్ద తీసికొనిరి. వారి పనివారు సహా జనులమీద భారము మోపిరి. నెహెమ్యా బల్లయొద్ద నూట ఏబదిమంది భుజించుచుండిరి. అయినను జనుల దాస్యము భారముగా ఉండినందున అతడు ఆ హక్కును విడిచిపెట్టెను. భూమి సంపాదించుకొనలేదు, తన పనివారితోకూడ గోడపని చేసెను. దేవుని భయముచేతనే అట్లు చేసితినని అతని సాక్ష్యము.

తన హక్కును పూర్తిగా వాడుకొనకుండుట ధనవిషయమైన దైవభక్తికి పరీక్ష. అన్యాయమును విడుచుట ఒక సంగతి; న్యాయముగా రావలసినదానిని సహోదరుని బరువు చూచి విడుచుట అంతకంటె గొప్ప సంగతి. సంఘనాయకులు, సంస్థల అధికారులు, క్రైస్తవ పాఠశాలలను వైద్యశాలలను నడుపువారు ఈ బల్లయొద్ద కొంతసేపు కూర్చుండవలెను. రుసుము ఎవరు చెల్లించుచున్నారు, ఏమి అమ్మి చెల్లించుచున్నారు అని అడుగవలెను.

బీదలు ఈ విషయములో చేతులు చాచువారు మాత్రమే అని తలంచుట పొరపాటు. 1912లో దోర్నకల్ అధ్యక్షుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య మేత్రాణివారి సంఘములలో అధికసంఖ్యాకులు మాల మాదిగ కూలివారు. వంటకు బియ్యము కొలుచునప్పుడు పిడికెడు తీసి ప్రభువునకు ప్రత్యేకించుటను ఆ ఇండ్ల స్త్రీలు అలవరచుకొనిరి. ఆ పిడికెళ్లు సంఘమును పోషించినవి. పిడికెడు ఇచ్చిన ఇంటికి తన పొలము, తన కూలి, తన బిడ్డ తనకు దక్కవలెననుట సంఘముయొక్క కనీస ధర్మము.

7. మేకులతో కొట్టబడిన పత్రము

ఈ సమస్తమును క్రీస్తులో సంపూర్ణమగుచున్నది. పదివేల తలాంతుల అప్పు క్షమింపబడినవాడు, నూరు దేనారములు అచ్చియున్న తోడిదాసుని గొంతు పట్టుకొనిన ఉపమానమును ప్రభువు చెప్పెను (మత్తయి 18:23–35). ఆ ఉపమానములో రెండు అప్పులకు పోలికయే లేదు. దేనారము ఒక దినపు కూలి. నూరు దేనారములు మూడు నెలల కూలిని మించినది. అది చిన్నదేమియు కాదు. అయినను పదివేల తలాంతులయెదుట అది ధూళి. నజరేతు సమాజమందిరమున బీదలకు సువార్తయు, చెరలోనున్నవారికి విడుదలయు ప్రకటించినవాడు, మనుష్యులమీద ఋణముగానున్న వ్రాతపత్రమును తుడిచివేసి, సిలువకు మేకులతో కొట్టెనని అపొస్తలుడు సాక్ష్యమిచ్చుచున్నాడు (కొలొస్సయి 2:14). ఆయన ధనవంతుడైయుండియు దరిద్రుడాయెను (2 కొరింథీ 8:9). పత్రము చింపబడినవాడు మరియొకని పత్రమును భద్రముగా దాచుకొనుట సువార్తకు పొసగదు. జక్కయ్య ఇంట రక్షణ ప్రవేశించిన దినముననే అతని లెక్కపుస్తకమును తెరవబడెను. పౌలు ఒనేసిము అప్పును తన లెక్కలో వేయుమని ఫిలేమోనునకు తన చేతితో వ్రాసెను. క్రొత్తనిబంధనలో కృప ఎక్కడికి వెళ్లినను లెక్కలు మారినవి.

8. ఆమేన్ అనిన తరువాత

నెహెమ్యా పొలములను, ద్రాక్షతోటలను, ఓలీవతోటలను, ఇండ్లను, తీసికొనిన నూరవభాగమును ఈ దినముననే తిరిగి ఇయ్యుడని వేడుకొనెను. వచ్చు పంటకు ఇచ్చెదమనిగాని, ఆలోచించెదమనిగాని ప్రధానులు చెప్పలేదు. ఇచ్చివేయుదుమనియు, వారివద్ద ఏమియు కోరమనియు ఒప్పుకొనిరి. నెహెమ్యా యాజకులను పిలిచి ప్రమాణము చేయించెను. తన ఒడి దులిపి, మాట తప్పినవానిని దేవుడు ఇట్లు దులిపివేయునని హెచ్చరించెను. సమాజమంతయు ఆమేన్ అని యెహోవాను స్తుతించెను. ఆ స్తుతి ఎందుకు కలిగెను? ఆ దినమున గోడ పూర్తికాలేదు, వాన కురిసినట్లు వ్రాయబడలేదు, రాజు పన్ను తగ్గింపలేదు. ఒక జనములో కలిగినవారు లేనివారికి తిరిగి ఇచ్చిరి. అందుచేత స్తోత్రము పుట్టెను.

ఆ వచనపు చివరి మాట అన్నిటికంటె చిన్నది. జనులు ఆ మాటప్రకారము జరిగించిరి. ఆమేన్ అనుట సులభము. ప్రతి ఆదివారము అనేకమారులు అనబడుచున్నది. యెరూషలేములో ఆమేన్ అనినవారు ఇండ్లకు పోయి, పెట్టెలు తెరచి, కాగితములు వెదకి, పొలము పోయినవాని వాకిలికి నడచి వెళ్లవలసియుండెను. ఆ నడకతోనే వారి ఆమేన్ పూర్తియాయెను.

ఈ సంవత్సరపు దినములలో ఏ విశ్వాసి ఇంటనైనను అట్టి కాగితము ఒకటి ఉన్నయెడల, దానిమీద అక్కరలోనున్న ఒక సహోదరుని వ్రేలిముద్ర ఉన్నయెడల, ప్రభువు ఆ ఇంటివానిని సాయంకాలము కాకమునుపే లేపును గాక. వెనుక వరుసలోని ఆ కూలివాడు వచ్చు ఆదివారము బల్లయొద్దకు తల ఎత్తి నడచివచ్చును గాక. పళ్లెము పట్టుకొన్నవాని చేయి వణకక, వానికి రొట్టె అందించును గాక. అప్పుడు సంఘము ఆమేన్ అనును. పరలోకమును ఆమేన్ అనును.